సాక్షి మాట కాగితమెక్కే తీరు

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో పొద్దున పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది. అటెండర్ గుమ్మంలో నిలబడి పేరు పిలుస్తాడు. ముద్దాయి వస్తే వాయిదా, రాకపోతే లాయరు గైర్హాజరు పిటిషను, అదీ లేకపోతే వారంటు. చకచకా సాగే ఈ పని ముగిశాక సాక్ష్యం నమోదు మొదలవుతుంది. అందులోని పనితనం మీద అందరి కళ్లూ పడాలని నా కోరిక. క్రిమినల్ కోర్టు తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని చూడవచ్చు.

ఆ రోజు రోడ్డు ప్రమాదం కేసు. ప్రమాదం 2024 జూలై 1కి ముందు, అంటే కొత్త శిక్షాస్మృతి అమల్లోకి రాకముందు, జరిగింది కనుక ఇంకా పాత ఐపీసీ 304ఎ (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) కిందే నడుస్తోంది. చనిపోయినతని తమ్ముడు పీడబ్ల్యూ 1గా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షిగా, బోనెక్కాడు. "బస్సు వేగంగా వచ్చింది కదా" అని ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) అడగడానికి లేదు. సొంత సాక్షికి జవాబు అందించకూడదు. "ఆ రోజు ఏం జరిగింది?" అని మాత్రం అడిగి ఆగారు. సాక్షి సంతలో బేరం దగ్గర ఎత్తుకున్నాడు. మేజిస్ట్రేటు మేడం ఆపలేదు. అన్నీ విని, కేసుకు కావలసింది ఏరి, అతనే చెబుతున్నట్టుగా టైపిస్టుకు చెప్పారు: "మా అన్న సైకిలు మీద ముందు వెళ్తున్నాడు. నేను వెనక నడుస్తున్నాను. బస్సు దూసుకొచ్చింది."

'దూసుకొచ్చింది' అనే మాటను ఆమె అలాగే ఉంచారు. 'అతివేగంగా, నిర్లక్ష్యంగా' అని రాయించి ఉంటే సాక్షి నోట తీర్పు పెట్టినట్టయ్యేది. నేరం నిలవాలంటే రుజువు కావలసింది సరిగ్గా అదే, దాన్ని తేల్చవలసింది కోర్టు.

ఎంత దూరం నుంచి చూశారని అడిగితే అతను బోనులోంచి బయటి గేటు వైపు చెయ్యి చాపాడు. చేతి సైగ కాగితం మీదికి రాదు. అప్పీలు వినే జడ్జి ముందుండేది కాగితమే. అందుకే ఆమె ఇద్దరు లాయర్లనూ అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే, "సాక్షి చూపిన దూరం సుమారు 20 గజాలు" అని చేర్పించారు.

డిఫెన్సు లాయరు పెద్దాయన. బస్సు హారన్ కొట్టలేదని సాక్షి ఇవాళ అన్నాడు, పోలీసు వాంగ్మూలంలో ఆ మాట లేదు. "పోలీసులకు ఇది చెప్పావా?" "చెప్పానండి." అంతే, లాయరు ఆ విషయం వదిలేశారు. కుర్ర లాయరైతే గద్దించేవాడేమో. వాంగ్మూలంలో లేని ప్రతి మాటా విరుద్ధం కిందికి రాదని 1959లో తహసీల్దార్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. పైగా ఆ వాంగ్మూలం రాసుకున్న ఎస్‌ఐ బోనెక్కి, "ఈ సాక్షి నాకు అలా చెప్పలేదు" అంటేనే ఆ లోపం రుజువవుతుంది. ఇవాళ్టి ప్రశ్న ఆ రోజు కోసం వేసిన పునాది. ఆ ఓపిక నాకు ఎంతో నచ్చింది. చివర్లో ముద్దాయి వాదనంతా సాక్షి ముందు పెట్టారు. "నేను ప్రమాదం చూడలేదనడం వాస్తవం కాదు" అంటూ ఒక్కొక్క కాదనడమూ రికార్డయింది.

ఆ తర్వాత చదివి వినిపించడం. చట్టం దీన్ని తప్పనిసరి చేసినా, చాలాచోట్ల తూతూమంత్రంగా ముగించి సంతకం తీసుకుంటారు. అది సాక్షికి చేసే అన్యాయమే. ఇక్కడ బెంచ్ క్లర్కు నిదానంగా చదివారు. మధ్యలో సాక్షి, "కుడి పక్క కాదండీ, ఎడమ పక్క" అన్నాడు. లాయర్లిద్దరి ఎదుటే మేడం దిద్దించి, మళ్లీ చదివించి, అప్పుడు సంతకం పెట్టమన్నారు. ఎస్‌ఐకి సమన్లు పంపమని చెప్పి కేసు వాయిదా వేశారు. పెద్దాయన తన కట్టలో వాంగ్మూలం నకలు తీసి, హారన్ మాట ఉండాల్సిన చోట పెన్సిలుతో గీత పెట్టుకున్నారు.