పది కడపలు, ఒక్క మెట్ల వరుస

వరంగల్‌లో పుట్టబోయే బిడ్డకు ఇల్లు సర్దడమంటే చాలాసార్లు రెండిళ్లు సర్దడమే. తొలికాన్పు తల్లిగారింట్లో. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేది అక్కడే. మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసి తల్లీబిడ్డలను అత్తగారింటికి పంపిస్తారు. విదేశీ పుస్తకాల సలహాలు ఆసుపత్రి నుంచి బిడ్డ నేరుగా వచ్చి చేరే ఒకే ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన బిడ్డ కదలలేని నెలలు ఒక ఇంట్లో గడిపి, బోర్లా పడే వేళకు ఇంకో ఇల్లు చేరుతుంది.

ఈ రెండిళ్లూ ఒకే తీరువి కాకపోవడం ఇప్పుడు మామూలే. తల్లిగారిది గిర్మాజీపేటలోనో మట్టెవాడలోనో తాతలనాటి పెంకుటిల్లు, నడిమింట ఆకాశం కనిపించే భవంతి. అత్తగారిది వడ్డేపల్లి, గోపాల్‌పూర్, భీమారం వైపు రెండు వందల గజాల్లో లేచిన డూప్లెక్స్. రెంటినీ పక్కపక్కన పెట్టి పసిబిడ్డ వైపు నుంచి చూస్తే ఏది నెగ్గుతుంది? పాతదే మేలని చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు. అందులో నిజం సగమే.

ఎత్తు ఎక్కడ దాగింది?

భవంతిలో అంతస్తులు లేవు. అంతమాత్రాన ఎత్తుపల్లాలు లేవని కాదు. వాకిట్లోంచి అరుగు మీదికి రెండు మెట్లు, దర్వాజ దగ్గర పసుపు పూసిన కడప, అర్ర అర్రకూ మరో కడప, ఇంటి నడుమ జానెడు లోతు, వంటింటి ముందు చిన్న గద్దె. ఇల్లంతా ఒక చుట్టు తిరిగితే పది చోట్లయినా కాలెత్తి వేయాల్సిందే. పాకే బిడ్డకు ఇవన్నీ అడ్డంకులే, అయితే అరుగు తప్ప ఏదీ జానెడు మించదు. పొట్టను కడప మీద ఆనించి, చేతులు అటు, కాళ్లు ఇటు వేసి కాసేపు ఊగి, ఒక్క ఊపున అవతలికి దొర్లుతుంది. కొంచెం ఏడ్చి, మళ్లీ అదే కడప ఎక్కుతుంది. ఎత్తంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే ఒంటికి తెలిసిపోతుంది.

డూప్లెక్స్‌లో ఆ కడపలు పోయాయి. విట్రిఫైడ్ టైల్స్ పరిచిన నేల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే మట్టం. పోయిన ఎత్తంతా హాలు పక్కన మెట్ల రూపంలో నిలబడింది. పది అడుగులు పైనే, పద్దెనిమిది నుంచి ఇరవై మెట్లు. పాత ఇల్లు ఎత్తును ముక్కలు చేసి ఇల్లంతా పంచింది, కొత్తది ఒక్కచోట కుప్ప పోసింది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే మనకు మెట్టెక్కితే పంచే పిండివంట లేదు. ఆ ఆచారాలు పుట్టిన ఇళ్లలో పిల్లలు ఎక్కడానికి మెట్ల వరుసలే లేవు మరి.

పిల్లలు నడక నేర్చే బండ్లను చూస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. పాత ఇంట్లో బిడ్డ నిలబడి ముందుకు నెట్టుకుంటూ పోయే మూడు చక్రాల చెక్క బండి ఉండేది. కడప తగలగానే ఆగిపోయేది. కొత్త ఇంట్లో బిడ్డను లోపల కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్. నున్నటి టైల్స్ మీద దాన్ని ఆపేది ఏదీ లేదు, మెట్ల అంచు తప్ప. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా వాకర్ల వల్ల దెబ్బలు తగిలి అత్యవసర విభాగాలకు వచ్చిన పదిహేను నెలల లోపు పిల్లలు సుమారు 2,30,000 మంది అని ఒక అధ్యయనం లెక్కకట్టింది. వాళ్లలో నూటికి 74 మంది మెట్ల మీంచి పడినవాళ్లే. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. మన దగ్గర మాత్రం బారసాల కానుకల్లో అదింకా వస్తూనే ఉంది.

ఇక ఆ మెట్లనే దగ్గరగా చూద్దాం. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదనీ, పాదం పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదనీ జాతీయ భవన నియమావళి చెబుతుంది. రెండు వందల గజాల్లో కారు, పూజగది, మూడు బెడ్రూంలు పట్టించాలంటే మొదట కోత పడేది మెట్లకే. మలుపు దగ్గర చదునుగా ఉండాల్సిన ల్యాండింగును తీసేసి మూడు మూలల మెట్లు వేస్తారు. లోపలి అంచున మడమ కాదు గదా, వేళ్లు ఆనే చోటు కూడా ఉండదు. పైన అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు. పక్కన అడ్డంగా నాలుగైదు వరుసల స్టీలు గొట్టాల రెయిలింగు. చూడ్డానికి బాగుంటుంది గానీ ఏడాదిన్నర పిల్లవాడు ఒక్కో గొట్టం మీద కాలు వేసుకుంటూ పైదాకా పోగలడు. అయిదేళ్ల లోపు పిల్లలు మసలే చోట రెయిలింగు సందుల్లోంచి 100 మిల్లీమీటర్ల బంతి దూరకూడదనీ, పిల్లలు ఎక్కడానికి అది అనువుగా ఉండకూడదనీ బ్రిటన్ నిబంధన. మన వెల్డింగ్ షాపులో నిలువు కడ్డీలు వేయమంటే వేసిస్తారు. అడిగేవాళ్లే తక్కువ.

ఎవరి కన్ను ఎక్కడ?

పాత ఇంట్లో దూలానికి కట్టిన తొట్టెల తాడు అటుగా వెళ్లే ఎవరి చేతికైనా అందేది. బియ్యం ఏరే అమ్మమ్మ, బడి నుంచి వచ్చిన పిన్ని కొడుకు, పాలు తెచ్చిన మనిషి, అందరూ ఒక ఊపు ఊపి పోయేవాళ్లే. వంటింట్లోంచి నడిమిల్లు కనిపించేది. బిడ్డ కూత ఇంట్లో ఏ మూలకైనా వినిపించేది.

డూప్లెక్స్‌లో వాస్తు ప్రకారం వంటిల్లు కింద ఆగ్నేయంలో, యజమాని పడకగది పైన నైరుతిలో. రెండు మూలలు, నడుమ ఒక స్లాబు. మోకాళ్ల నొప్పుల నానమ్మ కింద, బాలింత పైన. బిడ్డ ఏడిస్తే తలుపు మూసిన ఏసీ గది దాటి శబ్దం కిందికి దిగదు. నెలల బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి. ఆ పాలు తల్లి దగ్గరే ఉన్నా, తల్లికి కావాల్సిన వేడి నీళ్లు, పథ్యం అన్నం కింది నుంచే రావాలి. ఎవరూ తీసుకురాకపోతే తానే దిగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో ఇదే అత్యధికం. అంటే మన ఇళ్లలో బాలింతల్లో సగానికి పైగా పొట్ట మీద కుట్లతో ఉన్నవాళ్లు. ఆ ఒంటితో, నైటీ అంచు కాళ్లకు తగులుతుండగా, ఒక చంకన బిడ్డ, ఇంకో చేతిలో ఫ్లాస్కుతో నున్నటి గ్రానైటు మీద దిగడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇల్లు సర్దేటప్పుడు మనం బిడ్డ పడిపోవడం గురించే ఆలోచిస్తాం. బిడ్డను ఎత్తుకున్న మనిషి పడిపోవడం గురించి ఆలోచించం.

ఇంతవరకూ భవంతిదే పైచేయి. కానీ దాని లెక్కలూ చూడాలి. పురిటి అర్రలో చిన్న కిటికీ, అదీ మూసే ఉండేది. మంచం కింద కుంపటి, బిడ్డ ముఖాన సాంబ్రాణి పొగ. ఆ పొగ లేత ఊపిరితిత్తులకు హానే. మరుగుదొడ్డి పెరట్లో, చేదబావి వాకిట్లో. చీర తొట్టెలలో వెన్ను వంగి, మెడ ముందుకు వాలిపోతుంది. గట్టి చదును పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలనీ, కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే, విడి పడక మీద పడుకోబెట్టాలనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లోనూ మళ్లీ చెప్పింది. పైగా అన్ని కళ్లూ ఆప్యాయంగా చూసేవే కావు. బిడ్డను చూసే కన్నే కోడలు ఎంతసేపు పడుకుందో, ఏం తిన్నదో కూడా లెక్కేసేది. పై అంతస్తు ఆడపిల్లకు మొదటిసారి ఒక గడియ ఉన్న తలుపునిచ్చింది. రాత్రి నిద్ర లేని మనిషికి పగలు రెండు గంటలు తలుపేసుకుని పడుకునే వీలు చిన్న వరం కాదు. పాత ఇంటిని పొగిడే మగవాళ్లు ఈ సంగతి మరచిపోతారు.

వాన, ఎండ, కోతి

అయితే డూప్లెక్స్‌లో మెట్ల ప్రమాదం తప్పాలంటే బిడ్డను కిందనే ఉంచాలా? వరంగల్ ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వదు. 2020 ఆగస్టు వానలకు, మళ్లీ 2023 జులై వానలకు నగరంలో పల్లపు కాలనీలు మునిగాయి. ఆ జులైలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. హంటర్ రోడ్డు వైపు నీళ్లు చూసినవాళ్లను కింద గదే మంచిదని ఒప్పించడం కష్టం. వానాకాలంలో పుట్టబోయే బిడ్డకు పైన కూడా ఒక పడక సిద్ధంగా ఉంచుకోవాల్సిందే.

ఎండాకాలం లెక్క తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతుంది. పెంకుటిల్లు దీన్ని ఎత్తయిన కప్పుతో, గాలాడే నడిమిల్లుతో తట్టుకునేది. డూప్లెక్స్‌కు ఉన్న దారి కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇళ్లలో 600 గజాలు, ఆపైన స్థలాలకే దీన్ని తప్పనిసరి చేసింది. రెండు వందల గజాలవాళ్లు ఎవరికి వాళ్లు వేయించుకోవాలి. ఊయల బొమ్మలకన్నా ముందు కొనాల్సింది ఆ పూతే.

ఇంకా కోతులున్నాయి. హనుమకొండ కాలనీల్లో బాల్కనీ తలుపు తీసి పెట్టడమంటే వాటిని పిలవడమే. పైన గాలి కావాలంటే కిటికీలకు, బాల్కనీకి గట్టి జాలీ తప్పదు. కింద గేటు పక్కన నీళ్ల సంపు మూతకు తాళం ఉందో లేదో చూసుకోవాలి. పాత ఇంటి చేదబావికి కనీసం గట్టు ఉండేది. సంపు నేల మట్టంగా ఉంటుంది, మూత పక్కకు జరిగితే అంతే. బాత్రూంలో సగం నిండిన బకెట్టూ అలాంటిదే. పాకే బిడ్డ మునగడానికి జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు.

నేల మీది బతుకు

పాత ఇంటి దగ్గర నేర్చుకోదగ్గది కట్టడంలో కన్నా వాడకంలో ఎక్కువ. అమ్మమ్మ స్నానం పోసే తీరు చూడండి. పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని వీపు రుద్దుతుంది. బిడ్డ జారినా పడేది బెత్తెడు. నిద్ర, ఆట, బట్టలు మార్చడం అన్నీ నేల మీదే. కొత్త ఇంట్లో ఇవన్నీ పైకి ఎక్కాయి. డయపరు మార్చేది బల్ల మీద, పడుకునేది రెండడుగుల ఎత్తున్న డబుల్ కాట్ మీద, చుట్టూ దిండ్లు. నాలుగో నెల దాటాక బోర్లా పడే బిడ్డకు ఇంట్లో మొదటి మేడ ఆ మంచమే. అటుపక్క దిండ్లు ఆపవు, పైగా ఊపిరికి అడ్డం. కొత్తవాడ నేతగాళ్ల జంఖానా ఒకటి పరిచి బిడ్డను నేలకు దించడం దీనికి చాలా చౌక మందు. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం వాటిని పెళ్లి విడిదిలో తప్ప పరవడం మానేశాం.

వస్తువుల సంగతికొస్తే, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయినవాళ్లకు 2017 జూన్ నుంచి ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో 16 రకాల వస్తువులుండేవి. దోమతెర, చిన్న పరుపు, సబ్బు, నూనె, బట్టలు, తల్లికి చీరలు. ఫిన్లాండ్ 1938లో పేద తల్లులకు మొదలుపెట్టి 1949లో అందరికీ అందించిన పెట్టెలోనూ దాదాపు ఇవే. ఆ పెట్టే బిడ్డకు తొలి పడక కూడా. రెండు ప్రభుత్వాలూ వేరువేరు కాలాల్లో తేల్చిన లెక్క ఒకటే. తొలి నెలల్లో బిడ్డకు కావాల్సినవి ఒక సంచిలో, ఒక గదిలో పడతాయి. రెండంతస్తుల ఇంట్లో అవి రెండు చోట్లా ఉండాలి, అంతే. పైన ఒక డయపర్ల బుట్ట, ఫ్లాస్కు, పక్కబట్ట. కింద మరొకటి. మనుషులు మెట్లెక్కాల్సిన అవసరం సగం అక్కడే తీరిపోతుంది.

ఏది ఉంచుకోవాలి?

రెండిళ్లనూ బేరీజు వేస్తే నాకు తేలింది ఇది. పాత ఇంటిని తిరిగి కట్టలేం, కట్టినా పురిటి అర్ర మళ్లీ రాకూడదు. దాని దగ్గర తీసుకోవాల్సినవి రెండే, ముక్కలైన ఎత్తు, ఒక్కచోట చేరిన కళ్లు. కొత్త ఇంటి దగ్గర వదులుకోకూడనిది ఆ పై తలుపు.

అందుకే మొదటి ఏడాది పగలు కింద, రాత్రి పైన. పొద్దున్న ఒకసారి దిగడం, రాత్రి ఒకసారి ఎక్కడం. ఎత్తుకున్నప్పుడు ఒక చేయి రెయిలింగు మీద, రెండో చేతిలో బిడ్డ తప్ప మరేదీ వద్దు. మెట్ల లైటుకు పైనా కిందా టూవే స్విచ్చి, మెట్ల అంచులకు గరుకు పట్టీలు. బిడ్డ పాకకముందే పైనా కిందా గేట్లు. పైగేటు గోడకు మరలతో బిగించాలి, మెట్ల వైపు తెరుచుకోకూడదు. ఒత్తిడితో నిలబడే రకం పైన వాడితే ఊడిపోవచ్చు, కింది పట్టీ కాలికి తట్టుకోవచ్చు. కానీ గేటు శాశ్వతంగా మూసే ఉంటే బిడ్డకు మెట్టు ఎప్పటికీ అలవాటు కాదు. ఎనిమిది, తొమ్మిది నెలలు దాటాక రోజూ కాసేపు కింది రెండు మెట్ల దగ్గర కూర్చుని, ఎక్కనిచ్చి, వెనక్కి తిరిగి పొట్ట మీద దిగడం నేర్పాలి. కడప చేసిన పని అదే. ఇప్పుడు దాన్ని పెద్దవాళ్లు చేయాలి.

ఇల్లు ఇంకా కాగితం మీదే ఉంటే పని మరింత తేలిక. కింద ఒక గది, దానికే బాత్రూం, వంటింటికి పిలుపు అందే దూరం, తలుపుకు లోపలి గడియ. మనవాళ్లు ఈ గదిని ముసలివాళ్ల గది అని ప్లానులో రాయించుకుంటారు. బాలింతకు కావాల్సిందీ సరిగ్గా అదే గది. నిజానికి ఆ ఏడాది దానిమీద హక్కు ఎవరికుండాలో అత్తాకోడళ్లు ముందే మాట్లాడుకుంటే సగం గేట్ల అవసరమే రాదు.