వెలుతురుతో పలికే ఆర్గాన్

ఆప్టిగాన్ ఇళ్లలో వాయించుకోవడానికి చేసిన ఆర్గాన్. అమెరికాలో బొమ్మల కంపెనీ మాటెల్‌కు చెందిన అనుబంధ సంస్థ 1971లో దీన్ని అమ్మకానికి తెచ్చింది. ఇందులో తీగలు లేవు, గొట్టాలు లేవు. పారదర్శకమైన ఫిల్ముతో చేసిన 12 అంగుళాల డిస్కు తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒకదానిలో ఒకటిగా 57 వలయాలు. ఒక్కొక్కటీ సినిమా రీలు అంచున ఉండే సౌండ్ ట్రాక్ వంటిదే. ఒకవైపు బల్బు, మరోవైపు ఫోటోసెల్స్. మెట్టు నొక్కితే ఆ వలయం గుండా వచ్చే వెలుతురు హెచ్చుతగ్గులు విద్యుత్తుగా మారి స్పీకరులో స్వరమవుతాయి. 37 వలయాలు కుడిచేతి మెట్లకు, మిగిలినవి ఎడమచేతి కార్డ్స్‌కు (కలిసి మోగే స్వరాలకు), తాళానికి.

అసలు పనితనమంతా డిస్కు తయారీలో ఉంది. వాద్యకారులు నిజంగా వాయించినదాన్ని దాదాపు రెండు సెకన్ల చుట్టులో ఇమిడ్చి, అతుకు తెలియకుండా కలపాలి. వలయానికి మొదలంటూ లేదు కనుక పియానో సుత్తి తొలి దెబ్బ వినిపించదు. స్వరం నడిమధ్యలోంచి అందుకుంటుంది. వేగం పెంచితే శ్రుతీ పెరుగుతుంది. డిస్కుమీద గీతలు పడితే చిటపటలు. ఇవన్నీ లోపాలే. అయినా ఆ మసక ధ్వని కోసమే దీన్ని వెతికి కొనేవారున్నారు.

ఆలోచన మాత్రం పాతదే. జర్మనీకి చెందిన ఎడ్విన్ వెల్టె 1936లోనే గాజు డిస్కుల ఆర్గాన్‌ను ప్రదర్శించాడు. ఆప్టిగాన్ మార్కెట్లో ఎక్కువకాలం నిలవలేదు. అదే పద్ధతిలో తర్వాత వచ్చిన ఆర్కెస్ట్రాన్‌ను జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1975 నాటి ‘రేడియో-యాక్టివిటీ’ ఆల్బంలో వాడింది.