బార్తెల్ సూచిక: గుణదోషాలు

నాడీకండర లేదా కండరాస్థి వ్యాధిగల రోగి తన పనులు తాను ఎంతవరకు చేసికొనగలడో కొలుచుటకు ఫ్లోరెన్స్ మహోనీ అనే వైద్యురాలు, డొరొతియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు 1965లో అమెరికాలో ఒక సూచికను ప్రకటించారు. తినుట, స్నానం, నడక, మెట్లెక్కుట మొదలైన పది అంశాలకు కలిపి 100 మార్కులు. నిత్యజీవితాన్నే పరీక్షగా గ్రహించుట దీని సుగుణం.

కాని మొత్తం ఒక్కటే చూచుట ప్రమాదకరం. మెట్లెక్కలేనివానికీ 90 రావచ్చు. మెట్లెక్కగలిగినా మూత్రంపై అదుపు లేనివానికీ 90 రావచ్చు. వారికి కావలసిన చికిత్సలు వేరు. మాటకు, జ్ఞాపకశక్తికి ఇందులో మార్కులే లేవు. 100 వచ్చినవాడు సైతం ఒంటరిగా జీవించగలడని భావించరాదని కర్తలే హెచ్చరించారు. అతడు వంట చేసికొనలేకపోవచ్చు. కనుక రోగిని ఇంటికి పంపేముందు మొత్తాన్ని గాక, మార్కులు ఎక్కడ పోయినవో చూడవలెను.