లోలకం కొనబోయే కుర్రాళ్ళకు

పొన్నూరు చుట్టుపక్కల కాలవ ఊళ్ళే ఎక్కువ. ఇక బోర్లెందుకని బయటివాళ్ళు అనుకుంటారు. వరి కోసి మొక్కజొన్న పెట్టాక, కాలవ కట్టేశాక అడగండి, రైతే చెప్తాడు. మన డెల్టాలో నీళ్ళు పడటం పెద్ద గొప్ప కాదు, తియ్యటి నీళ్ళు పడాలి. పైన మంచినీళ్ళు తగిలినా ఇంకాస్త లోతుకు పోతే ఉప్పు తేలే చోట్లున్నాయి. అందుకే రిగ్గు కంటే ముందు, బోరు ఎక్కడ వెయ్యాలో పాయింటు చూసేవాడికి కబురు వెళ్తుంది.

కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు, కొందరు వేప పంగలపుల్ల పడతారు. నాది లోలకం పక్షం, దాచుకోను. కొబ్బరికాయ లేచి నిలబడితే గట్టు మీద జనానికి సంబరమే గానీ, ఆ చేతిలో ఏం జరిగిందో ఎవడికీ కనపడదు. దారానికి వేలాడే గుండు ప్రతి కదలికా అందరి కళ్ళముందే చేస్తుంది.

కొత్తవాళ్ళు మొదట ఇత్తడి గుండే తీసుకోండి. ఇరవై ముప్ఫై గ్రాములు చాలు. కింద మొన, పైన సరిగ్గా నడిమధ్య బెజ్జం. బెజ్జం వెంట్రుకవాసి పక్కకి జరిగినా మొన వంకరగా వేలాడుతుంది, ఊపులో వణుకు పుడుతుంది. కట్టడానికి మన నేలలో పండిన పత్తి నూలును మించింది లేదు, కాకపోతే దానికి పురి ఉంటుంది. తడిపి, గుండు కట్టి, రాత్రంతా వేలాడదీస్తే పురి విడుతుంది. లేదంటే గుండు తన చుట్టూ తాను తిరుగుతుంటే నీళ్ళు చూపిస్తోందని మురిసిపోతారు. పొడవు జానెడు. అంత దారానికి గుండు అటు వెళ్ళి ఇటు రావడానికి సుమారు ఒక సెకను పడుతుంది. బరువు పెంచినా ఆ వేగం మారదు, పొలం గాలికి తట్టుకుంటుంది అంతే.

మా వైపు ఒక పెద్దాయన పనితనం చూసి తీరాలి. గుండు జేబులోంచి తీయకుండానే చేనంతా తిరుగుతారు. ఎండాకాలం కూడా తుంగ ఎక్కడ పచ్చగా ఉందో, ఏ మూల నేల ఆలస్యంగా ఆరుతోందో చూస్తారు. పక్క చేను బోరు నీళ్ళు పుక్కిలించి, నాలుక మీద ఒక్క క్షణం ఆపి ఉమ్ముతారు. ఆ తర్వాతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం. మోచెయ్యి ఒంటికి ఆనదు, మాట ఉండదు. గుండు ముందు సన్నగా ఊగి, రెండడుగులు వేశాక కోడిగుడ్డంత సున్నా చుడుతుంది. అక్కడ మేకు దిగ్గొడతారు.

శాస్త్రం వేరే మాట చెబుతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1833లో అచ్చయిన లేఖలో చెప్పినట్టు, కళ్ళకు గంతలు కట్టి చూస్తే లోలకం ఆగిపోయింది. ఊపు మన వేళ్ళదే, మనకే తెలియకుండా. నేను ఒప్పుకుంటాను, అంతమాత్రాన పెద్దాయన విలువ తగ్గదంటాను. గుండును ఊపే చెయ్యి నేలను ఎరిగినదై ఉండాలి, అంతే. వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటిజాడల కోసం ఒక అధ్యాయమే కేటాయించి చెట్లూ పుట్టలూ చూడమన్నాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే దక్షిణాన రెండు నిలువుల లోతున తియ్యటి నీళ్ళట. 1920లలో బొంబాయి ప్రభుత్వం మేజర్ పోగ్సన్ అనే ఆయన్ని నీళ్ళు చూడటానికే ఉద్యోగంలో పెట్టుకుంది. ఎన్ని బావులు ఆయన చలవో కథలు కథలుగా చెప్పుకుంటారు.

ఇప్పుడో? ఆన్‌లైన్‌లో గాజుముక్కకి స్ఫటికమని పేరు, పైన బంగారు పూత గొలుసు, "శక్తి నింపినది" అని చీటీ. గొలుసు లింకులు ఒకదానికొకటి తట్టుకుని ఊపును చంపేస్తాయి, అయినా మెరుస్తోందని కొంటున్నారు. దాన్ని చేతపట్టుకుని మూడోరోజుకే కారు దిగి పాయింట్లు పెట్టే మహానుభావులున్నారు. చెట్టు పేరు తెలియదు, పక్క బోరు లోతు అడగరు. నీళ్ళు పడితే ఫ్లెక్సీ, పడకపోతే రిగ్గువాడి తప్పు. అప్పు తెచ్చి కేసింగ్ పైపులు దింపిన రైతు మాత్రం ఆ గుంట దగ్గరే కూలబడతాడు.

నేర్చుకునే కుర్రాళ్ళూ, డబ్బు పుచ్చుకునే ముందు ఏడాదిపాటు ఊరికే చూడండి. మీరు చెప్పిన చోటు, లోతు, పడిన బోరు, పడని బోరు అన్నీ పుస్తకంలో రాయండి. జియాలజిస్టు మీటరు పెడతానంటే అడ్డం పడకండి, ఆయన లెక్క కూడా మీ లెక్క పక్కనే రాసుకోండి. రైతులు కూడా పాయింటు చూడటానికి వచ్చినవాణ్ణి ముందు ఆ పుస్తకం చూపించమనండి, ముఖ్యంగా పడని బోర్ల పేజీలు.