ఖనకశబ్ద విమర్శ

ఆషాఢమున మా లాల్‌దర్వాజా సింహవాహినీ మహాకాళికి బోనములు తెచ్చు పుణ్యస్త్రీల మెడలలోని పుస్తెలను జూచునపుడెల్ల నాకొక ప్రశ్న పొడముచుండును. బంగారమును గొనియాడిన కావ్యములు మనకుఁ బెక్కులు గలవు. దానిని భూగర్భమునుండి వెలికిఁ దెచ్చినవానిని గొనియాడిన కావ్య మేది?

పాణిని శిల్పి యను నర్థమున ష్వున్ ప్రత్యయమును విధించెను. వార్తికమున నది మూఁడు ధాతువులకే పరిమితము కాఁగా నర్తక, ఖనక, రజక శబ్దములు సిద్ధించినవి. ప్రత్యయమునందలి షకారమువలన స్త్రీలింగమున ఖనకీ యను రూపమును గలిగినది. కావున నాట్యము సేయువాఁడెట్లో త్రవ్వువాఁడు నట్లే శిల్పి. “ఇది ప్రత్యయమునకై చేసిన పరిగణనము మాత్రమే, త్రవ్వుటకు శిల్ప మేల?” యని కొందఱు శంకింతురు. అది గనిని జూడనివారి శంక. 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమునఁ జేరియుండి, నేఁడు కర్ణాటకమునఁ గల హట్టిలోఁ బ్రాచీనులు సుమారు 640 అడుగుల లోఁతునకు దిగిరి. రాతిని నిప్పుతోఁ గాఁచి, నీటఁ జల్లార్చి, పగిలినదానిలోఁ బసిఁడిచాఱ నరయుట నాఁటి పద్ధతి. ఏ కప్పు నిలుచునో, యేది కూలునో యెఱిఁగి దిగుట శిల్పము కాదా?

వ్యాసభారతమున విదురుఁడు పంపిన ఖనకుఁడు లక్కయింటిలో బిలము త్రవ్వి పాండవులఁ గాచెను. అతనికి వృత్తినామమే గాని సొంతపేరు లేదు. కథాసంక్షేపమునకై యది యొప్పునందము. మన చరిత్రరచనయు నట్లే చేసినది, ఇది యొప్పదు. హట్టి కనతిదూరమున మస్కిలో 1915వ సంవత్సరమున, బంగారమును వెదకుచుండిన బీడన్ అను నింజనీరునకు శాసన మొకటి దొరకెను. కృష్ణశాస్త్రిగారు దానిని బరిష్కరించి ప్రకటించిరి. అందు అశోకనామము స్పష్టముగాఁ గానవచ్చుటచేఁ బండితలోకము సంతసించెను; యుక్తమే. కాని యా సీమగనులలోఁ బూర్వము దిగినవారి పేరొక్కటియు మనకు దక్కలేదు.

ప్రాచీనులమాట యటుండనిండు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన కోలారు గనులు 2001లో మూఁతపడునప్పటికి మూఁడు కిలోమీటర్లకు మించిన లోఁతు గలవి. త్రవ్విన శూన్యముచుట్టునున్న శిల యొత్తిడి కోర్వక పిడుగువలెఁ బగులుట యచటి ముఖ్యాపాయము. తమిళులతోఁబాటు చిత్తూరుసీమ తెలుఁగువారును అందు మడిసిరి. దొరల గోరీలమీఁదఁ బేరును దేదియుఁ జెక్కఁబడియున్నవి. కూలివాని మట్టిదిబ్బ రెండు వానకాలములకు నేలతో సమమగును.

కావున నా మనవి. ఆ సీమలతోఁ బొత్తుగల యుపాధ్యాయులు గనికుటుంబముల వృద్ధులు చెప్పు పేళ్లను, మరణించిన గనిని, సంవత్సరమును, పాడుకొను పాటలను వ్రాసి యుంచవలెను. మస్కిశాసనముపైఁ జూపిన శ్రద్ధలో నొకపాలు చాలును.