లూపు ఖరీదు, నెల జీతం

కోర్టు తీర్పును పనితనం కోసం చదివే అలవాటు మనకు లేదు. ఎవరు గెలిచారో తెలుసుకుని పక్కన పెట్టేస్తాం. ఓడిన పక్షాన ఉన్న జడ్జి రాసిందైతే తెరవనే తెరవం. 2014 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన 35 పేజీల అసమ్మతి తీర్పు అలాంటిదే. ఫిల్మ్‌నగర్‌లో సీన్ పేపర్లు రాసుకునే మేమంతా దాన్ని బల్ల మీద పెట్టుకుని చదవాలంటాను.

కేసు ఇదీ. హాబీ లాబీ అనే సంస్థకు దేశమంతా చేతిపనుల సామాన్ల దుకాణాలున్నాయి. అప్పట్లో 13,000 మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. యజమానులైన గ్రీన్ కుటుంబం నిష్ఠ గల క్రైస్తవులు. ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టం ప్రకారం ఉద్యోగుల బీమాలో గర్భనిరోధక సాధనాలు కూడా పైసా అడగకుండా ఇవ్వాలి. అలా ఇవ్వాల్సిన 20 పద్ధతుల్లో నాలుగింటికి, అంటే రెండు రకాల అత్యవసర మాత్రలకూ రెండు రకాల లూపులకూ, తమ బీమా వర్తించకూడదని వాళ్లు కోర్టుకెక్కారు. గర్భం పడిన క్షణం నుంచే అది ప్రాణమని వాళ్ల విశ్వాసం. 5–4 తేడాతో గెలిచారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురమున్న మన పిల్లల్లో చాలామంది ఆరోగ్యం యజమాని ఇచ్చే బీమా మీదే నడుస్తోంది కనుక ఇది మనకు పరాయి గొడవ కాదు.

గిన్స్‌బర్గ్ చేసిన ఒక పని మొదట నన్ను కట్టిపడేసింది. గ్రీన్ కుటుంబం భక్తిని ఆమె ఎక్కడా శంకించలేదు. అది నిజమైన విశ్వాసమేనని ఒప్పుకున్నాకే అసలు ముడి దగ్గరికి వచ్చారు. యజమాని డబ్బు కట్టేది బీమా పథకానికి. ఆ పథకంలో సవాలక్ష చికిత్సలుంటాయి. వాటిలో లూపు కావాలా వద్దా అని తేల్చుకునేది ఆ స్త్రీ, ఆమె చూపించుకునే డాక్టరు. యజమాని విశ్వాసానికీ ఆమె నిర్ణయానికీ మధ్య ఇంత దూరముందని గిన్స్‌బర్గ్ చూపిస్తారు. ఎదుటివాడిని దుర్మార్గుణ్ని చేస్తే తప్ప సీను పండదనుకునే రచయితకు ఇది పెద్ద పాఠం.

ముహూర్తం రోజున మా నిర్మాత కొబ్బరికాయ కొడతాడు, తన దేవుడికి దండం పెట్టుకుంటాడు. సాయంత్రం బేటా అందుకునే లైట్‌మన్ ఏ మతమో, ఆ డబ్బు దేనికి ఖర్చు పెడతాడో ఆయన అడగడు. గిన్స్‌బర్గ్ గీసిన గీత కూడా ఇక్కడే ఉంది. చర్చి ఒకే విశ్వాసమున్నవాళ్లది. లాభం కోసం నడిచే సంస్థలో అన్ని విశ్వాసాల వాళ్లూ పనిచేస్తారు.

ఇక లెక్క. హక్కులు, సమానత్వం అంటూ పెద్ద మాటలతో పేజీలు నింపేయొచ్చు. ఆమె ఒక ధర చెబుతారు. లూపు వేయించుకోవడానికి అయ్యే ఖర్చు, కనీస వేతనం మీద రోజంతా పనిచేసే మనిషి నెల జీతానికి దాదాపు సమానం. రాజ్యాంగం గురించిన చర్చంతా ఆ ఒక్క వాక్యంతో దుకాణంలో కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి జీతం కవరులోకి దిగిపోతుంది. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఈ తీర్పు చదవాలి.

ఆ తర్వాత వరుసగా ప్రశ్నలు వేస్తారు. రక్తం ఎక్కించడం పాపమనే యెహోవా సాక్షి అయిన యజమాని వస్తే? డిప్రెషన్ మందులు కూడదనే సైంటాలజిస్టు వస్తే? టీకాలు వద్దనేవాళ్లు వస్తే? పంది నుంచి తీసిన పదార్థాలున్న మత్తుమందులు, సెలైన్లు, జెలటిన్ పూసిన మాత్రలు వద్దనే కొందరు ముస్లిములు, యూదులు, హిందువులు వస్తే? ఆ జాబితాలో హిందువుల పేరు చూసి నేను ఆగిపోయాను. అమెరికాలో కంపెనీలు పెట్టిన మనవాళ్లూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లే. ఏ ఒక్క మతాన్నీ వేలెత్తి చూపకుండా అందరినీ ఒకే వాక్యంలో నిలబెట్టిన నేర్పు అది.

మన దగ్గర ఏ దేవుడి పేరూ ఎత్తకుండానే గర్భనిరోధకాలను బీమా నుంచి తప్పించే పని జరిగిపోతోంది. ఫిల్మ్‌నగర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఎంత దూరం? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. పాలసీల్లో మినహాయింపులు ఒకే భాషలో ఉండాలని 2019లో ఆ సంస్థ ఇచ్చిన నమూనాలో 17వది, ‘సంతానలేమి’ అన్న శీర్షిక కింద, ఏ రకమైన గర్భనిరోధకమైనా, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనైనా బీమా కిందికి రాదంటుంది. పిల్లలు కలగనివాళ్లనూ, వద్దనుకునేవాళ్లనూ ఒకే గాటన కట్టిన వాక్యమిది. దాని మీద ఎవరూ అసమ్మతి రాయలేదు. కార్మికుల ప్రభుత్వ బీమా పథకమైన ఈఎస్‌ఐ నిబంధన రాసినవాళ్లు మాత్రం కూలి పోగొట్టుకునే రోజుల గురించి ఆలోచించారు. ఆపరేషన్ చేయించుకున్న కార్మికురాలికి 14 రోజులు, కార్మికుడికి 7 రోజులు పూర్తి వేతనం ఇవ్వాలని రాశారు. గిన్స్‌బర్గ్ చదివి ఉంటే ఆ నిబంధన ఆమెకు నచ్చేదని నా నమ్మకం.

ఆమె ఈ పట్టు చివరిదాకా వదల్లేదు. 2020 మేలో ఇదే అంశంపై మరో కేసు వస్తే ఆస్పత్రిలో ఉండి ఫోన్‌లోనే వాదనలు విన్నారు. యజమానులకు మతం పేరిట, నైతికత పేరిట మరిన్ని మినహాయింపులివ్వడం సబబేనని జూలై 8న 7–2తో తీర్పు వచ్చింది. 87 ఏళ్ల వయసులో మళ్లీ అసమ్మతి రాశారు. అందులోనూ లెక్క చెప్పారు: 70,500 నుంచి 1,26,400 మంది దాకా స్త్రీలు ఉచిత గర్భనిరోధక సదుపాయం పోగొట్టుకుంటారని.