తెలుపు: కవిసమయము, లోకసమయము

వర్ణములకు నియతమైన అర్థములు గలవని మన ఆలంకారికులు అంగీకరించిరి. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయములను వివరించుచు, యశస్సును హాసమును తెల్లనివిగను, అపయశస్సును పాపమును నల్లనివిగను, క్రోధానురాగములను ఎఱ్ఱనివిగను వర్ణించుట కవుల సంప్రదాయమని చెప్పెను. మన ప్రబంధకవులు ఈ సమయమును శిరసావహించిరి. రాజుల కీర్తి వెన్నెలయై, పాలకడలియై దిక్కులు నిండినది. నేడు వస్త్రవిపణిలోను, ఆరోగ్యమును గూర్చిన చిన్న పుస్తకములలోను తెలుపు శాంతినిచ్చును, ఎఱుపు ఉత్సాహమునిచ్చునని వ్రాయువారును తెలియకయే ఆ త్రోవను నడచుచున్నారు. అర్థము రంగునందే దాగియున్నదను నమ్మకము ఉభయులకును మూలము. ఆ నమ్మకము ఎంతవఱకు నిలుచును?

దీనిని పరీక్షించుటకు రాయపూరు ప్రాంతము తగినది. విజయనగరము నుండి రాయపూరు వఱకు రైలుమార్గము 1931లో పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునకును ఆ నగరమునకును రాకపోకలు సులువైనవి. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. తెలుగువారిలో కొన్ని కులములందు తెల్లచీర వైధవ్యచిహ్నముగ నుండెను. పసుపును కుంకుమను తీసివేయగా మిగిలిన తెలుపు అది. అందు శాంతి లేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము తొలి వితంతువివాహమును జరిపించినపుడు ఎదిరించినది ఆ విధినే గాని ఆ వర్ణమును గాదు.

రాయపూరు చుట్టుపట్ల పల్లెలలో అదే తెలుపు వేఱొక విధముగ గోచరించును. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు బోధల ననుసరించు సత్నామీలు తమ వాడలలో జైత్‌ఖామ్ అను తెల్లని స్తంభమును నాటి, దానిపై తెల్లని జెండా నెగురవేయుదురు. అస్పృశ్యులని త్రోసివేయబడినవారు, మనుష్యులందఱు సమానులని చాటుటకు పట్టిన జెండా అది. 2012 వఱకు రాయపూరు జిల్లాలోనిదైన గిరౌద్‌పురిలో నేడు నిలిచియున్న జైత్‌ఖామ్ ఎత్తు 77 మీటర్లు. కుతుబ్‌మీనారు కంటె ఎక్కువ. 2024 మే నెలలో ఆ చెంతనే ఒక జైత్‌ఖామ్ ధ్వంసము కాగా, జూన్ 10న బలౌదాబజారులో నిరసన ఉద్రిక్తమై కలెక్టరు కార్యాలయ భవనము తగులబడినది. తెలుపు మనస్సును చల్లబఱచు వర్ణమని మాత్రమే చదివినవాడు ఈ వార్తను అర్థము చేసికొనజాలడు.

ఆ జిల్లాలోనే దామాఖేడా కబీరుపంథీయుల పీఠము. వారి సాధువులు ధరించునదియు తెల్లని వస్త్రమే. అయితే అది కోరి ధరించినది. వితంతువుది ఇతరులు విధించినది. రెండును బట్టగా ఒక్కటే, బ్రతుకుగా ఒక్కటి గావు.

తెలుపు సహజమనుకొనుటయు సరిగాదు. బట్టను చౌడులో నానవైచి, ఉడికించి, బండపై బాది, నీలిమందు కలిపిన నీట జాడించిన చాకలి చేతులలోనే పూర్వము ఆ తెలుపు పుట్టెను. నీలము తోడుపడనిదే తెలుపు తెల్లగ కనబడలేదు. కీర్తిని ధవళమని పొగడిన కావ్యములలో ఆ చేతులకు చోటు మిక్కిలి తక్కువ.

ఎండకాలమున తెల్లని నూలువస్త్రము హాయి గూర్చుననుట నిజమే. వేడిని త్రిప్పికొట్టు గుణము తెలుపునకు గలదు. గాలిని లోనికి విడుచు గుణము నూలునకు గలదు. ఇది దేహధర్మము. దీని నాధారము చేసికొని మనస్సునకును అదే శాంతి కలుగునని చెప్పుట మాత్రము కవిసమయమును శాస్త్రముగ చెలామణి చేయుటయే.

మన కథలలో తెల్లచీర కనబడగానే పాఠకుడు దుఃఖమునో పవిత్రతనో ఊహించుకొనును. రచయితకు శ్రమ తగ్గును. ఆ సులువునే విమర్శకుడు ప్రశ్నింపవలెను. మన భాషలో తెలుపు వర్ణమునకు పేరు. ఎఱిగించుట యను అర్థమున క్రియయును. కాని వర్ణము తనంత తానేమియు తెలుపదు. ఎవరు ధరించిరి, ఎవరు విధించిరి, ఎవరు ఉతికిరి అను సంగతులు రచయిత తెలిపినపుడే దానికి అర్థము కలుగును.